ధూమపానము – దాని జమాఖర్చులు

పొగత్రాగువానిని గూర్చి లోకమున రెండు మాటలు తఱచుగా వినబడుచుండును. త్రాగనివాడు “తెలివిలేక త్రాగుచున్నాడు” అనును. త్రాగువాడు “రుచి యెఱుగనివానికి దాని సుఖమేమి తెలియును?” అనును. ఈ రెండు మాటలును విచారణకు నిలువవు. పొగత్రాగు ప్రతివాడును తనలో తాను ఒక లెక్క వేసికొనియే త్రాగుచున్నాడు. ఆ లెక్కలో జమ యేమి, ఖర్చేమి, ఏ పద్దు ఎచ్చట విడిచిపెట్టబడినది అని పరిశీలించుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము. నేను వైద్యుడను గాను. లెక్కలు వ్రాయుట వృత్తిగా గలవాడ నగుటచే విషయమును ఆ దృష్టితోనే చూచుచున్నాను.

ముందుగా ఈ ఆకు మన దేశమునకు వచ్చిన విధము తెలిసికొందము. పొగాకు అమెరికా ఖండమున పుట్టిన మొక్క. 1492లో కొలంబసు అచటికి చేరిన పిదపనే తక్కిన ప్రపంచమునకు దాని సంగతి తెలిసినది. పోర్చుగీసువారి ద్వారా అది మన దేశమునకు వచ్చినది. ఇది తరువాత వచ్చినదనుటకు సాక్ష్యము మన భాషలయందే యున్నది. మూడు రాష్ట్రముల పొలిమేరలు కలియు కుప్పము ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. మనము పొగాకు అందుము. తమిళులు పుగయిలై అందురు. కన్నడిగులు హొగెసొప్పు అందురు. మూడింటికిని అర్థమొక్కటే: పొగనిచ్చు ఆకు. వేపకును, చింతకును, మఱ్ఱికిని ఈ భాషలలో తాతల నాటి పేళ్లు కలవు. ఈ యాకునకు అట్టి పేరు లేదు. అది చేయు పనిని బట్టియే మూడు భాషలవారును పేరు కూర్చుకొనిరి. చుట్ట మన ఇంటికి ఆలస్యముగా వచ్చిన చుట్టమని ఆ పేరే చెప్పుచున్నది.

“ధూమపానము మన శాస్త్రములలోనే యున్నది గదా” యని కొందఱు వాదింతురు. ఉన్నమాట నిజమే. చరకసంహిత సూత్రస్థానమున ధూమవర్తి చేయు విధానము చెప్పబడినది. గుగ్గులు, అగరు మొదలైన ఓషధులను నూఱి, రెల్లుపుల్లపై ఎనిమిది అంగుళముల పొడవున అద్ది, ఆరిన పిదప పుల్లను తీసివేసి, నేయి రాచి వెలిగింపవలెను. అందు పొగాకు లేదు. ఆ కాలమున ఈ దేశమున అది లేనే లేదు. అది కఫవాత రోగములకు వైద్యుడు విధించు చికిత్స. త్రాగవలసిన వేళలు ఇవియని, త్రాగరానివారు వీరని అచట నియమములు కలవు. వేళ కాని వేళ, మితిమీఱి త్రాగినచో చెవుడు, గ్రుడ్డితనము, రక్తపిత్తము, తలత్రిప్పుట కలుగునని హెచ్చరికయు కలదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున పదునెనిమిది ఏండ్లు నిండనివానికి ధూమము పనికిరాదని నిషేధించెను. 2003లో భారత ప్రభుత్వము చేసిన చట్టము పొగాకు వస్తువులను 18 ఏండ్లలోపువారికి అమ్మరాదని శాసించినది. ఔషధధూమమునకే వాగ్భటుడు పెట్టిన ఎల్ల, వేయేండ్లు దాటిన పిదప పొగాకునకును ఎల్లయైనది. శాస్త్రమును ఉదహరించువారు ఈ భాగమును గూడ ఉదహరించుట మంచిది.

పొగాకును గూర్చి మన దేశమున జరిగిన తొలి వాదములలో ఒకటి అక్బరు కొలువున జరిగినది. పదునేడవ శతాబ్ది ఆరంభమున అసద్ బేగు అను అధికారి బిజాపురము నుండి పొగాకును, రత్నములు పొదిగిన గొట్టమును తెచ్చి పాదుషాకు సమర్పించెను. అక్బరు కొంత పీల్చి చూచెను. రాజవైద్యుడు, మన గ్రంథములలో లేని వస్తువును ప్రభువు సేవింపరాదని వారించెను. అసద్ బేగు, ఐరోపావారును తెలివిగలవారే యనియు, లోకమున ప్రతి ఆచారమును ఒకనాడు క్రొత్తదే యనియు వాదించెను. అక్బరు దానిని అలవాటు చేసికొనలేదు. కొలువులోని ప్రభువులు చేసికొనిరి. 1617లో జహంగీరు పొగాకును నిషేధించెను, నిషేధము నిలువలేదు. ఇంగ్లండున మొదటి జేమ్సు రాజు 1604లో పొగాకును నిందించుచు ఒక పుస్తకము వ్రాసి, అదే యేట దానిపై సుంకమును పెక్కు రెట్లు హెచ్చించెను. మన దేశమున 1943లో పొగాకుపై కేంద్ర ఎక్సైజు సుంకము విధింపబడినది. అనగా ప్రభుత్వముల పుస్తకములలో గూడ ఈ యాకు ఒక ప్రక్క దోషముగను, మఱియొక ప్రక్క ఆదాయముగను నమోదగుచు వచ్చినది. గుంటూరు, ప్రకాశము జిల్లాల రైతులకు ఇది జీవనాధారము. 1976లో పొగాకు బోర్డు గుంటూరున నెలకొన్నది. కావున విషయము ఒక్క మాటతో తేలునది కాదు.

ఇక మన ప్రాంతపు జనుల లెక్కలో జమ పద్దులు చూతము. మదనపల్లె, పుంగనూరు సీమలు మిట్టప్రాంతములు. మార్గశిర పుష్యములలో తెల్లవాఱుజామున చలి యెముకలు కొఱుకును. ఆ వేళ నీరు కట్టపోవు రైతునకు బీడీ ఒక వెచ్చని తోడు. అది ఆకలిని కొంత అణచును. నిద్రమత్తును పోగొట్టును. నిప్పు అడుగుట అనునెపమున ముక్కుమొగము తెలియనివారికి మాట కలియును. నిప్పునకు అంటు లేదు గదా. అన్నిటికంటె ముఖ్యమైన పద్దు మఱియొకటి కలదు. వేరుసెనగ చేనిలో కూలివాడు ఊరక కూర్చున్నచో యజమాని సోమరి యనును. బీడీ ముట్టించి కూర్చున్నచో ఏమియు ననడు. బీడీ కాలునంతసేపు వానికి విశ్రాంతి హక్కుగా లభించును. ఆ హక్కు మఱియొక విధముగా దొరకినచో బీడీ అవసరము కొంత తగ్గియుండెడిది. స్త్రీలు వక్కాకుతోపాటు పొగాకు నమలుటకు గూడ ఇట్టి కారణములే కలవు.

గౌరవాశయు ఒక పద్దే. 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చయిన కన్యాశుల్కము నాటకమున గురజాడ అప్పారావుగారు ఈ విషయమును చక్కగా పట్టి చూపిరి. గిరీశము శిష్యుడైన వెంకటేశమునకు చదువు మాట యెట్లున్నను చుట్ట మాత్రము నేర్పెను. దానిని నాగరికతగా వర్ణించెను. గరుత్మంతుడు అమృతము తెచ్చునపుడు జాఱిన బిందువే పొగచెట్టై మొలచినదను చాటువును మనవారు వినియే యున్నారు. గిరీశము పోయెను గాని వాని ఉపదేశము పోలేదు. తరువాత వెండితెర కథానాయకులు ఆ పని చేసిరి. పదునైదేండ్ల బాలుడు పొగను కోరి మొదలిడడు. పెద్దవాడు గావలెనని మొదలిడును.

జమ ప్రక్క ఇన్ని పద్దులున్నవి. వానిని కొట్టివేయుట న్యాయము గాదు. కాని ఒక పద్దును మాత్రము తఱచి చూడవలెను. “త్రాగగనే మనస్సు నెమ్మదించును” అనునది అందఱును చెప్పు లాభము. పొగాకులోని సారమునకు నికోటిను అని పేరు. 1828లో జర్మనీ దేశమున దానిని వేఱుచేసిరి. పొగ పీల్చిన కొద్ది క్షణములలోనే అది మెదడును చేరి హాయి గొల్పును. కొన్ని గంటలలో దాని బలము తగ్గును. తగ్గినప్పుడు అలవాటుపడిన దేహము చిరాకును, ఆతురతను చూపును. మఱల ఒకటి ముట్టించినచో ఆ చిరాకు పోవును. అనగా రెండవ బీడీ తీర్చు బాధలో పెద్దభాగము మొదటి బీడీ తెచ్చినదే. వడ్డీవ్యాపారి యొద్ద అప్పు తెచ్చి వాని వడ్డీయే కట్టి, “ఈ దినము ఋణబాధ లేదు” అని సంతసించు రైతు లెక్క యిట్టిదే గదా! ఆ సొమ్మును జమగా వ్రాయువాడు లెక్కలు తెలిసినవాడు గాడు.

ఇక ఖర్చు పద్దులు. దినమునకు 20 రూపాయలు పొగకు వెచ్చించువానికి ఏడాదికి 7,300 రూపాయలు, ముప్పది యేండ్లకు 2,19,000 రూపాయలు అగును. ఇది చిన్న పద్దు. పెద్ద పద్దు ఊపిరిది. ఊపిరి విలువ మన సీమవారికి ఒకరు చెప్పనక్కఱలేదు. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయరోగ చికిత్సాలయము వెలసినది. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మోలరుగారు దానికి పెద్దగా పనిచేసిరి. క్షయకు మందులు లేని ఆ కాలమున మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము ఇవియే చికిత్స. దూరదేశముల నుండి రోగులు మన గాలికై వచ్చిరి. 1948లో మన దేశమున బి.సి.జి. టీకాలు మొదట వేయబడినదియు మదనపల్లెలోనే. పొరుగున నున్న తమిళనాడులో 43,000 మంది పురుషుల మరణములను పరిశీలించి 2003లో ప్రకటించిన వివరముల వలన, పొగత్రాగువారు క్షయచే మరణించుట త్రాగనివారికంటె సుమారు నాలుగు రెట్లని తేలినది. ఇతరులు వెదకికొని వచ్చిన గాలిని మనమే చేజేతుల పాడుచేసికొనుచున్నాము.

ఊపిరితిత్తుల రాచపుండునకు పొగాకు కారణమని 1950లో ఇంగ్లండున డాల్, హిల్ అను పండితులు లెక్కలతో చూపిరి. బీడీ చిన్నది గనుక హాని తక్కువ యనుకొనుట పొరపాటు. అది ఆఱిపోకుండుటకు మాటిమాటికి గట్టిగా పీల్చవలసి యుండును. 2008లో ప్రకటింపబడిన భారతదేశపు పరిశీలన ప్రకారము బీడీలు త్రాగు పురుషులు సుమారు 6 ఏండ్లును, స్త్రీలు సుమారు 8 ఏండ్లును, సిగరెట్లు త్రాగు పురుషులు సుమారు 10 ఏండ్లును ఆయువు కోల్పోవుచున్నారు. శ్రీకాకుళము ప్రాంతమున స్త్రీలు చుట్టను నిప్పు నోటిలోపలికి ఉండునట్లు త్రాగుదురు; దీనిని అడ్డపొగ యందురు. అట్లు త్రాగినచో నిప్పు గాలికి ఆఱదు, బూడిద రాలదు. కారణము సహేతుకముగనే కనబడును. కాని 1971లో ప్రకటింపబడిన పరిశోధనలో 10,169 మంది గ్రామస్థులను పరీక్షింపగా, ఆ వేడికిని పొగకును అంగిలి చెడుట తెలియవచ్చినది.

ఇన్ని లెక్కలు పండితులవి. మన రైతు తానే యెఱిగిన లెక్క యొకటి కలదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో పట్టుపురుగుల పెంపకము గలదు. పురుగుల గదిలో బీడీ త్రాగరాదనియు, పొగాకు తాకిన చేతులతో మల్బరి ఆకు వేయరాదనియు, వేసినచో పురుగు చచ్చుననియు పెంపకము నేర్చిన రైతునకు తెలియును. పొగాకు కషాయమును పేనుబంకపై చల్లువాడును అతడే. ఆ మొక్క తన్ను తిను పురుగులను చంపుటకే నికోటినును దాచుకొన్నది. ఇట్లు తెలిసిన రైతు పట్టుపురుగుల పాక వెలుపల బీడీని ఆర్పి, కాలుసేతులు కడిగికొని లోనికి పోవును. సాయంకాలము ఇంటికి వచ్చి, మంచముపై పసిబిడ్డ నిదురించు గదిలోనే ఆ బీడీని ముట్టించును. పట్టుగూళ్ల ధర ప్రతి సంతనాడును తెలియును; బిడ్డ యూపిరికి ధర కట్టు సంత లేదు. మన లెక్క తప్పినది ఇచ్చటనే. జమ నాటి దినముననే, త్రాగువాని పేరననే పడుచున్నది. ఖర్చు ఇరువది ముప్పది యేండ్లకు గాని పడదు. పడునపుడు భార్యాబిడ్డల పేరన గూడ పడును. రెండు పుస్తకములను ఒకచోట చేర్చి చూచినవాడెవడును నిల్వ మిగిలినదని వ్రాయజాలడు.

అయినను ఈ లెక్క సరిదిద్దరానిది గాదు. ఇంగ్లండున వైద్యులను ఏబది యేండ్లు పరిశీలించి 2004లో ప్రకటించిన ఫలితము ఆశాజనకమైనది. పొగత్రాగుట ముప్పదియవ యేట మానినవారు పోగొట్టుకొనవలసిన పదియేండ్లను దాదాపు పూర్తిగా నిలుపుకొనిరి. నలుబదియవ యేట మానినవారు 9 ఏండ్లను, ఏబదియవ యేట మానినవారు 6 ఏండ్లను, అఱువదియవ యేట మానినవారు 3 ఏండ్లను దక్కించుకొనిరి. ఇట్లు వయస్సు మీఱినవానికిని కొంత మాఫీ యిచ్చు ఋణము లోకమున మఱియొకటి లేదు. మన దేశమున పొగాకు వాడు పెద్దలు 2009–10లో నూటికి 34.6 మంది కాగా, 2016–17 నాటికి 28.6 మందికి తగ్గిరి. కనుక మానుట అసాధ్యమనుట సరిగాదు.

2008 అక్టోబరు 2 నుండి బహిరంగ స్థలములలో పొగత్రాగుట నిషేధింపబడినది; గ్రంథాలయములును అందు చేరినవి. మన గ్రంథాలయమున పొగ లేకుండుట చట్టభయముచేత మాత్రమే కారాదు. ఇచట పత్రిక చదువ కూర్చున్న కూలివానికి విశ్రాంతి కలదు, నలుగురితో మాట కలదు, పెద్దలతో సమానముగా కూర్చుండు గౌరవము కలదు. బీడీ వలన వాడు కోరు లాభములలో పెక్కులు ఇచట వడ్డీ లేకయే దొరకుచున్నవి. ఇరువదియైదేండ్లు నిండిన ఈ సంస్థ మన యువకులకు ఆ సంగతిని, వారు మొదటి బీడీ ముట్టించుటకు పూర్వమే, తెలియజేయుచుండు గాక!