చదవలేని చిల్లర

రోమన్ నాణేలంటే మనకు బంగారం, వెండి గుర్తొస్తాయి. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన నిధి కూడా వెండి నాణేలదే. నా మనసు మాత్రం ఊరు దాటని కంచు మీద. సంతలో చేతులు మారే చిల్లర అది.

క్రీ.పూ. 146లో రోమన్లు గ్రీసులోని కొరింత్‌ను నేలమట్టం చేశారు. క్రీ.పూ. 44లో జూలియస్ సీజర్ అక్కడే రోమన్ కాలనీ పెట్టించాడు. ఆ కాలనీ సొంతంగా కంచు నాణేలు కొట్టుకుంది. కొన్నాళ్లకు ముందువైపు చక్రవర్తి తల వచ్చింది. వెనక మాత్రం రెక్కల గుర్రం పెగాసస్, డాల్ఫిన్ మీద మెలికెర్టీస్, అంటే ఆ నేల కథలే. పట్రాస్ కాలనీ నాణెం మీద నాగలి, ఎడ్లజత: సాలు తోలి కొత్త ఊరికి హద్దు గీసే రోమన్ ఆచారం. బొమ్మలు ఎవరికైనా తెలుస్తాయి. రాతే లాటిన్. చుట్టూ జనం మాట్లాడేది గ్రీకు. రెండో శతాబ్దంలో కొరింత్ శాసనాలు గ్రీకులోకి మళ్లాయి గానీ, నాణేలు చివరిదాకా లాటిన్ వదల్లేదు.

ఇది చదువుతుంటే నాకు మా వర్ధన్నపేటే యాదికొస్తది. ఇక్కడ నడిచింది నిజాం హాలీ సిక్కా. ఇంగ్లీషోళ్ల రూపాయి కల్దార్. 6 కల్దార్లకు 7 హాలీ రూపాయలు. మొగలుల పెత్తనం ఎప్పుడో పోయినా, 1858 దాకా హైదరాబాద్ నాణేల మీద పాదుషా పేరే ఉంది. తర్వాత అసఫ్ జాహీ పేరొచ్చింది. బ్రిటిష్ రాజు తల మాత్రం ఎక్కలేదు. ఆ మేరకు నిజాం పరువు దక్కింది.

మరి జనానికి దక్కిందేంటి? 1918 నుంచి వచ్చిన హైదరాబాద్ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడం, మరాఠీ అచ్చయ్యాయి. రెండు పైల కంచు నాణెం మీద మాత్రం ఫారసీ రాతే. నోటు షావుకారి పెట్టెలో ఉంటది, పైస కూలి చేసేటోళ్ల కొంగున ఉంటది. మా అవ్వ పైసలను సైజు చూసి గుర్తుపట్టేదట. తెలుగు చదవొచ్చినోళ్లకు కూడా అదే దిక్కు.

చరిత్రకారులు నాణెంలో రాజును వెతుకుతారు. ఏ చేతుల కోసం కొట్టారో ఆ చేతులు దాన్ని చదవగలిగాయా అన్నది కూడా చరిత్రే కదా! ఇప్పటి రూపాయి బిళ్ల తీసి చూడండి. హిందీ, ఇంగ్లీషు. తెలుగు కావాలంటే నోటు తిప్పాలి: భాషల పట్టీలో, కింద నుంచి రెండో వరుస.