విప్పి బిగించే మెమరీ

ల్యాప్‌టాప్ నెమ్మదించిందంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు తీసుకెళ్లి ర్యామ్ పెంచమని అడగడం మనవాళ్లకు ఏళ్లనాటి అలవాటు. అడుగు మూత విప్పి, పాత ర్యామ్ తీసి, కొత్తదాన్ని ఏటవాలుగా దూర్చి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు పడతాయి, పని అయిపోతుంది. ఇంత తేలికైన ఏర్పాటు కంప్యూటర్‌తో పాటే పుట్టలేదు. దాన్ని కొందరు బుర్రపెట్టి సాధించారు. ఆ తర్వాత అది చేజారింది కూడా.

ర్యామ్ చిప్పు కథ 1966లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం పరిశోధన కేంద్రంలో మొదలవుతుంది. అక్కడి ఇంజనీరు రాబర్ట్ డెనార్డ్ బృందం ఒక్క బిట్‌ను దాచడానికి ఆరు ట్రాన్సిస్టర్లు వాడుతోంది. ఒకరోజు అయస్కాంత మెమరీ మీద పనిచేస్తున్న మరో బృందం తమ పని గురించి చెబుతుంటే విన్నారాయన. వాళ్ల అమరిక ఎంత సరళంగా ఉందో చూసి, తమది ఎందుకింత చిక్కుగా ఉందన్న ఆలోచనతోనే ఇంటికి వెళ్లారు. ఆ సాయంత్రం సోఫాలో కూర్చుని ఉండగా దారి దొరికింది. చిన్న కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. తర్వాత దాన్ని ఒకే ఒక్క ట్రాన్సిస్టర్‌తో నడిచేదాకా కుదించారు. 1968లో పేటెంటు వచ్చింది.

ఇందులో ఒక చిక్కుంది. కెపాసిటర్ చిల్లుకుండ లాంటిది, నింపినది కారిపోతూనే ఉంటుంది. అందుకే 64 మిల్లీసెకన్లకోసారి, కొత్త తరాల్లో అంతకంటే తరచుగా, ప్రతి బిట్‌నూ చదివి మళ్లీ నింపుతుండాలి. ఇంత శ్రమ ఉన్నా ఈ పద్ధతే గెలిచింది, ఎందుకంటే అంత తక్కువ చోటులో అన్ని బిట్లు పట్టించే ఉపాయం మరొకటి లేదు.

మొదటి పర్సనల్ కంప్యూటర్లలో మెమరీ పెంచాలంటే చిప్పులను ఒక్కొక్కటిగా సాకెట్లలో గుచ్చాలి. కాలు వంగితే చిప్పు పాడైనట్టే. పైగా యంత్రం వేడెక్కి చల్లారుతూ ఉంటే చిప్పులు మెల్లగా సాకెట్లలోంచి పైకి లేచొచ్చేవి. మూత తీసి వేలితో అదిమితే మళ్లీ పనిచేసేది. అమెరికాలోని వాంగ్ లేబొరేటరీస్ 1980ల తొలి ఏళ్లలో ఇందుకు విరుగుడు కనిపెట్టింది. తొమ్మిది చిప్పులను ఒక చిన్న పలక మీద అతికించి, పలకనే స్లాట్‌లో దూర్చేటట్టు చేసింది. అదే సిమ్ (SIMM). ఎనిమిది చిప్పులు సమాచారానికి, తొమ్మిదోది తప్పులు పట్టడానికి.

ల్యాప్‌టాప్‌లకు మాత్రం ఆ సుఖం వెంటనే రాలేదు. ఒక్కో కంపెనీది ఒక్కో రకం మెమరీ కార్డు. ఒకరిది మరొకరి యంత్రంలో పట్టదు, ధర కంపెనీ చెప్పిందే. 1990లలో జెడెక్ అనే ప్రమాణాల సంస్థ ద్వారా సో-డిమ్ అనే చిన్న మెమరీ పలక అందరికీ ఉమ్మడిగా స్థిరపడ్డాకే ఈ బాధ తీరింది. దాని పొడవు సుమారు 67.6 మిల్లీమీటర్లే. ఒక తరం ర్యామ్ మరో తరం స్లాట్‌లో దిగకుండా పలక అంచున ఉండే గాటు స్థానం మార్చారు. తన సామర్థ్యం, వేగం ఎంతో కంప్యూటర్‌కు చెప్పే బుల్లి చిప్పు కూడా ఆ పలక మీదే ఉంటుంది. ఒక కంపెనీ ల్యాప్‌టాప్‌లో మరో కంపెనీ ర్యామ్ ఇట్టే పనిచేస్తోందంటే ఈ ఏర్పాటు వల్లే. నా లెక్కలో ఇది చిప్పు కనిపెట్టడం కంటే తక్కువ ఘనకార్యం కాదు.

తర్వాత సన్నదనం మోజు వచ్చింది. 2008లో వచ్చిన మాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేశారు. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. న్యాయంగా చెప్పాలంటే ఇందులో సన్నదనం ఒక్కటే కారణం కాదు. బ్యాటరీ ఆదా చేసే ఎల్‌పీడీడీఆర్ రకం ర్యామ్ చాలా తక్కువ వోల్టేజి మీద నడుస్తుంది. దాని సంకేతాలు సో-డిమ్ స్లాట్ గుండా పోతే చెదిరిపోతాయి, అందుకే చిప్పును ప్రాసెసర్ పక్కనే అతికించక తప్పలేదు. కానీ నష్టం కొన్నవాళ్లదే. 8 జీబీతో కొంటే ఆ యంత్రం చివరిదాకా 8 జీబీతోనే బతకాలి, ర్యామ్ చెడితే మొత్తం బోర్డే మార్చాలి.

ఈ ముడి విప్పినవారు డెల్ ఇంజనీరు టామ్ ష్నెల్. స్లాట్‌లో దూర్చే బదులు పలకను బోర్డు మీద పడుకోబెట్టి, మధ్యలో సన్నటి స్ప్రింగు కాంటాక్టులు పెట్టి, మరలతో బిగించే క్యామ్‌ను రూపొందించారు. సంకేతం నడిచే దారి కురచైంది, మందమూ తగ్గింది. 2022లో డెల్ ప్రెసిషన్ ల్యాప్‌టాప్‌లలో అది వచ్చినప్పుడు, మళ్లీ సొంత కార్డుల కాలం దాపురించిందని చాలామంది భయపడ్డారు. డెల్ దాన్ని తనకే అట్టిపెట్టుకోకుండా జెడెక్ ముందు పెట్టింది. 2023 డిసెంబరులో అది క్యామ్2 పేరుతో ప్రమాణంగా వెలువడింది. మరుసటి ఏడాది ఆ ప్రమాణంతోనే లెనోవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో, విప్పి మార్చుకోగల ఎల్‌పీడీడీఆర్ ర్యామ్ నిజంగా కొనుగోలుదారుల చేతికి అందింది.

ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. సో-డిమ్ స్లాట్లు రెండుంటే ఉన్నదాని పక్కన మరొకటి చేర్చుకోవచ్చు. ఈ కొత్త పలక ఒక్కటే రెండు స్లాట్ల పనీ చేస్తుంది కాబట్టి పెంచాలంటే పాతది మొత్తం తీసేయాలి. అయినా తీసేసినది అలాంటి మరో ల్యాప్‌టాప్‌లో పనికొస్తుంది, టంకం వేసిన చిప్పుకు ఆ అవకాశమే లేదు.