ఇంటర్వెల్ దాకా ఫ్రీ: షేర్‌వేర్ కథ

ఈ ఎపిసోడ్ ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఫొటో సాఫ్ట్‌వేర్ వాడేవాడిని. 30 రోజుల ట్రయల్. గడువు అయిపోగానే కంప్యూటర్‌లో డేట్ వెనక్కి తిప్పేసేవాడిని, మళ్లీ పనిచేసేది. ఆ ట్రిక్ క్లాసంతా నేర్పించి హీరోలా ఫీలయ్యాను.

బీటెక్ అయ్యి, ఉద్యోగంలో చేరాక, రాత్రిళ్లు కూర్చుని ఒక చిన్న యాప్ చేశాను. మొత్తం ఫ్రీ. నచ్చితే 50 రూపాయలు పంపమని కింద ఒక బటన్ పెట్టాను. ఆరు నెలల్లో పంపింది నలుగురు. అందులో ఒకరు మా అక్క.

అప్పుడు డౌటొచ్చింది. "నచ్చితే ఇవ్వండి" అనే మాట ఎప్పుడైనా, ఎవరికైనా పనిచేసిందా?

చేసింది. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే ప్రోగ్రామ్‌ని, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్‌ని ఇలాగే వదిలారు. కాపీ చేసుకోండి, ఫ్రెండ్స్‌కి ఇవ్వండి, పనికొస్తే 25 డాలర్లు పంపండి అన్నారు. అంటే కాపీ చేయడం దొంగతనం కాదు, అదే వాళ్ల పబ్లిసిటీ! నాఫ్‌కి ఎంత డబ్బు వచ్చిందంటే, 1984లో ఐబీఎమ్ ఉద్యోగం మానేశాడు. బాబ్ వాలెస్ తన పీసీ-రైట్‌కి వాడిన "షేర్‌వేర్" అనే పేరే ఈ పద్ధతికి నిలిచిపోయింది.

కానీ గేమ్స్ దగ్గర ఇది తేలిపోయింది. ఎందుకంటే డేటాబేస్ ప్రోగ్రామ్ రోజూ కావాలి, కొత్త వెర్షన్ కావాలి, డౌట్ వస్తే అడగడానికి మనిషి కావాలి. గేమ్ అలా కాదు. ఆడేశాం, అయిపోయింది. ఇంక డబ్బెందుకు పంపుతాం?

టెక్సస్‌లోని స్కాట్ మిల్లర్‌కి ఇది అనుభవంలోకి వచ్చింది. నచ్చితే పంపమని వదిలిన గేమ్స్‌కి పెద్దగా ఏమీ రాలేదు. 1987లో క్రోజ్ గేమ్‌ని భాగాలుగా చేసి, మొదటి భాగం ఫ్రీగా ఇచ్చి, మిగతావి అమ్మాడు. మన సినిమా లెక్కలో చెప్పాలంటే ఇంటర్వెల్ దాకా ఫ్రీ, సెకండాఫ్‌కి టికెట్. జనం కొన్నారు.

తర్వాత మిల్లర్ కన్ను జాన్ రొమేరో మీద పడింది. రొమేరో వేరే కంపెనీలో ఉద్యోగి. నేరుగా రాస్తే కంపెనీవాళ్లు ఉత్తరం చదివేస్తారని, రకరకాల పేర్లతో అభిమానుల్లా రాశాడు. రొమేరో మురిసిపోయి వాటిని గోడకి అంటించుకున్నాడు. తర్వాత చూస్తే అన్నిటి మీదా ఒకే అడ్రస్! అలా మొదలైన పరిచయంతో 1990 డిసెంబర్‌లో కమాండర్ కీన్ వచ్చింది. మూడు భాగాలు, మొదటిది ఫ్రీ. టీమ్‌కి వచ్చిన మొదటి రాయల్టీ చెక్కు 10,500 డాలర్లు. ఉద్యోగాలు మానేసి ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు.

1993 డిసెంబర్ 10న వాళ్లే డూమ్ వదిలారు. విస్కాన్సిన్ యూనివర్సిటీ సర్వర్‌లో పెడితే, జనం తాకిడికి సర్వర్ చేతులెత్తేసింది. ఫ్రీగా ఇచ్చింది తొమ్మిది లెవెల్స్, చిన్న ముక్కేం కాదు. చివర్లో గెలిచామనుకునేలోపు హీరోని చీకటి గదిలో రాక్షసుల మధ్య పడేస్తారు. పక్కా ఇంటర్వెల్ బ్యాంగ్!

నాకు అర్థమైంది ఇది. చేతికి వచ్చేసినదానికి మనం డబ్బు కట్టం, ఇంకా రానిదానికి కడతాం. అయినా షేర్‌వేర్‌లో ఒక నిజాయితీ ఉంది. ఎంత ఫ్రీయో, మిగతాది ఎంతకో ముందే చెప్పేవాళ్లు. ఒకసారి కొంటే గేమ్ మీది. ఇప్పుడు మన ఫోన్‌లో చాలా ఫ్రీ గేమ్స్‌కి ధర లేదు, ముగింపూ లేదు. కడుతూనే ఉండాలి.

నా యాప్‌ని కూడా సగానికి కోయాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఈ ఎపిసోడ్ రాస్తూ, ఆ ఫొటో సాఫ్ట్‌వేర్ ఎవరు చేశారో వెతికి ఇప్పుడైనా కొందామనుకున్నాను. దాని పేరే గుర్తు రావట్లేదు. డేట్ ఎక్కడ మార్చాలో మాత్రం ఇప్పటికీ బాగా గుర్తుంది.

మీరూ ఇలాంటివి చేసుంటే కామెంట్స్‌లో ఒప్పేసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.