కళాశాలను నిలబెట్టినది ఎవరు? విశాఖపట్నం, బందరు విరాళాల చరిత్ర

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు
• ఆంగ్లేయుల పాలనలో కళాశాలలకు ప్రైవేటు విరాళాలు ఎందుకు అవసరమయ్యాయో వివరించగలుగుతారు;
• విరాళాల్లోని మూడు రకాలను పోల్చగలుగుతారు;
• విరాళం వెనక ఉన్న సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందో పరిశీలించగలుగుతారు.

1. ప్రవేశిక

మీలో కొందరు కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాల్లో ఉంటూ, డ్యూటీ ముగించుకుని ఈ పుస్తకం తెరుస్తూ ఉండవచ్చు. అక్కడి నుంచి విశాఖ పాతనగరానికి వెళితే మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల కనిపిస్తుంది. ఇటు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. ఈ రెండింటి ఎదుగుదలలోనూ ప్రైవేటు విరాళాల పాత్ర ఉంది. ఆ సొమ్ము ఎలా వచ్చింది, ఎందుకు వచ్చింది అనేవి ఈ పాఠంలో తెలుసుకుందాం. దాతలను పొగడడం ఇక్కడ మన పని కాదు. ఒక ఊరు తన పిల్లల చదువుకు ఎలా సొమ్ము కూర్చుకుందో అర్థం చేసుకోవడమే ముఖ్యం.

2. విరాళాలు ఎందుకు అవసరమయ్యాయి?

1854 నాటి ఉడ్స్ డిస్పాచ్ మన దేశంలో సహాయక గ్రాంటు పద్ధతికి పునాది వేసింది. ప్రైవేటు సంస్థ ఒక విద్యాలయాన్ని నడిపితే, నిబంధనలకు లోబడి, ఖర్చులో కొంత భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. మిగిలినది ఫీజుల రూపంలోనో, విరాళాల రూపంలోనో సంస్థే కూర్చుకోవాలి. 1882లో ఏర్పడిన హంటర్ కమిషన్ మరొక అడుగు ముందుకు వేసింది. ఉన్నత విద్యాసంస్థల నిర్వహణ నుంచి ప్రభుత్వం క్రమంగా తప్పుకుని, వాటిని స్థానికుల చేతుల్లో పెట్టాలని సూచించింది.

దీని ఫలితం ఏమిటో గమనించండి. స్థానికంగా డబ్బు పుట్టని చోట కళాశాల పుట్టదు. అందుకే తీరాంధ్రలో తొలి కళాశాలలు చాలావరకు జమీందారులు, మిషనరీలు, సంపన్న కుటుంబాలు ఉన్న పట్టణాల్లోనే వెలిశాయి. విజయనగరంలో మహారాజా కళాశాల, కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాల, బందరులో నోబుల్ కళాశాల ఇందుకు ఉదాహరణలు.

3. మూడు రకాల విరాళాలు

3.1 కుటుంబ దానం

విశాఖపట్నంలో 1860లో మొదలైన ఒక పాఠశాల 1878 నాటికి కళాశాల స్థాయికి ఎదిగింది. అంకితం వెంకట నరసింగరావు కుటుంబం ఇచ్చిన దానంతో దానికి మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల అనే పేరు స్థిరపడింది. నరసింగరావు భార్య అచ్చయ్యమ్మ గోడే వెంకట జగ్గారావు కుమార్తె. 1840లో విశాఖలో సొంత ఖర్చుతో ఖగోళ పరిశోధనశాల నెలకొల్పిన జగ్గారావు ఈయనే. మామగారి తరవాత ఆ పరిశోధనశాలను నరసింగరావు కొనసాగించాడు.

కళాశాల పేరును మరొకసారి చదవండి. అది ఒక స్త్రీని గౌరవించే పేరే. కాని అందులో ఉన్నవి ఆమె భర్త పేరులోని పొడి అక్షరాలు. అచ్చయ్యమ్మ అనే పేరు బోర్డు మీద లేదు. ఇలాంటి చిన్న వివరాలు కూడా చరిత్ర విద్యార్థికి ఆధారాలే.

3.2 ఏటేటా ఇచ్చే విరాళం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో బెజవాడ కేంద్రంగా ఏర్పడి, 1930లో వాల్తేరుకు మారింది. తొలి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. 1931లో జయపురం సంస్థానాధిపతి అయిన విక్రమదేవ వర్మ ఈ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయల చొప్పున విరాళం ప్రకటించాడు. విజ్ఞానశాస్త్ర, సాంకేతిక కళాశాలకు ఆయన పేరు పెట్టారు.

ఇందులో 'ఏటా' అన్న మాటే కీలకం. భవనానికి దాతలు సులభంగా దొరుకుతారు. గోడ మీద పేరు ఉంటుంది. అధ్యాపకుల జీతాలు, ప్రయోగశాలకు కావలసిన రసాయనాలు, గ్రంథాలయానికి పుస్తకాలు ఏటా వచ్చే ఖర్చులు. వాటికి శిలాఫలకం ఉండదు. అవి లేకపోతే కళాశాల ఖాళీ భవనంగా మిగులుతుంది. జయపురం విరాళం విలువ ఇక్కడే ఉంది.

3.3 ప్రజల చందాలు

బందరులో 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల ప్రారంభమైంది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో చేసిన పర్యటన రగిల్చిన ఉత్సాహం దీనికి నేపథ్యం. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య దీని స్థాపకుల్లో ముఖ్యులు. మామూలు చదువుతో పాటు చేతిపనులకు, చిత్రకళకు ఇక్కడ చోటిచ్చారు. సర్కారు విద్యావిధానానికి వెలుపల నిలవాలనుకున్న సంస్థ కాబట్టి ప్రజల ఆదరణే దానికి ప్రధానమైన అండ.

చందా ఇచ్చిన వ్యక్తి సంస్థను తనదిగా భావిస్తాడు. ఇది ఈ పద్ధతికి ఉన్న బలం. ఉద్యమం వేడి తగ్గితే చందాలూ తగ్గుతాయి. ఇది దీని బలహీనత.

4. సొమ్ము ఎవరిది?

జమీందారు ఇచ్చిన లక్ష రూపాయలు ఆయన ఖజానాలోకి ఎక్కడి నుంచి వచ్చాయి? రైతులు చెల్లించిన శిస్తు నుంచి, అడవులపై వచ్చిన ఆదాయం నుంచి. జయపురం సంస్థానంలో అధిక భాగం ఆదివాసులు నివసించే కొండప్రాంతం. 1936లో అది ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. వాల్తేరు ప్రయోగశాలల్లో మన విద్యార్థులు చేసిన ప్రయోగాల వెనక కోరాపుట్ కొండల్లోని సేద్యగాళ్ల కష్టం కూడా ఉందని గుర్తించాలి. వారి పిల్లల్లో ఎంతమందికి ఆ తరగతి గదుల్లో చోటు దొరికి ఉంటుంది? దాత ఔదార్యాన్ని కాదనకుండానే ఈ ప్రశ్న అడగవచ్చు, అడగాలి కూడా.

కూర్మన్నపాలెం పరిసరాల్లోనూ ఇలాంటి త్యాగం ఉంది. 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 1966లో ప్రాణాలర్పించినవారు, కర్మాగారం కోసం భూములు వదులుకున్న పల్లెల ప్రజలు ఏ దాతల జాబితాలోనూ కనిపించరు.

5. స్వాతంత్ర్యం తరవాత

1948లో మద్రాసు ప్రభుత్వం, 1951 చట్టంతో ఒరిస్సా ప్రభుత్వం ఎస్టేట్లను రద్దు చేశాయి. రైతుకు మేలు జరిగింది. పెద్ద విరాళాల పాత ఊట మాత్రం ఇంకిపోయింది. ఎయిడెడ్ కళాశాలల్లో జీతాల భారం క్రమంగా ప్రభుత్వం మీదకు వచ్చింది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడింది. ఊళ్లో దాత లేకపోయినా చదువు అందాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

పాత ప్రశ్న మాత్రం తీరలేదు. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ విద్యాసంస్థలను తనకు అప్పగించడమో, సహాయాన్ని వదులుకోవడమో తేల్చుకోమన్నప్పుడు పలుచోట్ల విద్యార్థులు, తల్లిదండ్రులు వీధికెక్కారు. సహాయం పోతే ఫీజులు పెరుగుతాయన్నది వారి భయం. నిర్బంధం లేదని ప్రభుత్వం తరవాత ప్రకటించింది. దాత స్థలం, ప్రభుత్వ జీతం, విద్యార్థి ఫీజు కలిసిన చోట కళాశాల ఎవరిది అన్న తగవు మళ్లీ మళ్లీ తలెత్తుతుంది.

6. సారాంశం

ప్రభుత్వం ఖర్చులో కొంతే భరించడం వల్ల విరాళాలు తప్పనిసరి అయ్యాయి. కుటుంబ దానం కళాశాలకు నిలువనీడ ఇచ్చింది. ఏటేటా వచ్చిన విరాళం దాన్ని నడిపించింది. ప్రజల చందా దాన్ని ప్రజలదిగా చేసింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా చాలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హంటర్ కమిషన్ సూచన కళాశాలల స్థాపనపై ఎలాంటి ప్రభావం చూపింది?
2. భవన విరాళానికీ, వార్షిక విరాళానికీ గల తేడా ఏమిటి?
3. మీ ఊళ్లోని ఒక పాత విద్యాలయానికి వెళ్లి అక్కడి శిలాఫలకం చదవండి. దాని మీద ఎవరి పేరు ఉంది? ఉండవలసిన వారిలో ఎవరి పేరు లేదు? పెద్దలను అడిగి ఒక పుటకు మించకుండా రాయండి.