గవర్నరు గొడవ: వాట్ ఆవిరి యంత్రం నుంచి సెంబియం ట్రాక్టరు దాకా

మనం ఉండేది చెన్నైలోనైనా, చాలామందికి నెల్లూరు, చిత్తూరు వైపు ఎంతో కొంత పొలం ఉంది. అక్కడ పాత మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లు ఇంకా దమ్ము చేస్తూనే ఉన్నాయి. వాటి పుట్టిల్లు మన చెన్నైయే.

1840లో మద్రాసులో గుర్రబ్బళ్ల తయారీతో మొదలైన సింప్సన్ కంపెనీ, 1950లలో ఇంగ్లండు పెర్కిన్స్ సంస్థతో కలిసి పెరంబూరు పక్కన సెంబియంలో డీజిల్ ఇంజన్లు చేయసాగింది. ఆ కంపెనీని నడిపిన ఎస్. అనంతరామకృష్ణన్ 1960లో మాస్సీ ఫెర్గూసన్‌తో కలిసి టాఫే స్థాపించారు. అలా సింప్సన్ ఇంజను టాఫే ట్రాక్టరులోకి వచ్చింది.

ఆ ఇంజను వేగాన్ని కాచేది గవర్నరు. దాని వంశం చాలా పాతది. గాలిమరల్లో వాడుతున్న తిరిగే గుండ్ల ఉపాయాన్ని 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తెచ్చాడు. వేగం పెరిగితే గుండ్లు బయటికి విచ్చుకుని ఆవిరిని తగ్గిస్తాయి, వేగం తగ్గితే లోపలికి ముడుచుకుని పెంచుతాయి. కానీ కొన్ని యంత్రాలు ఒక వేగంలో నిలవక, పెరుగుతూ తగ్గుతూ ఊగేవి. ఎందుకు ఊగుతాయో 1868లో మాక్స్‌వెల్ గణితంతో వివరించాడు. మన మెకానిక్కులు 'హంటింగ్' అనేది ఆ ఊగులాటనే.

మన ట్రాక్టర్లలో చాలావాటికి ఉన్నది సి.ఎ.వి. డి.పి.ఎ. రకం డీజిల్ పంపు. మెకానికల్ గవర్నరున్న పంపులో ఆ గుండ్లు చిన్న బరువులై లోపలే తిరుగుతాయి. చేతి లివరు నేరుగా డీజిల్‌ను పెంచదు, స్ప్రింగు బిగువును మారుస్తుంది. ఆ స్ప్రింగూ ఈ బరువులూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మీటరింగ్ వాల్వును తిప్పుతాయి. గొర్రు నేలలోకి దిగగానే ఇంజను కొంచెం కుంగి మళ్లీ నిలదొక్కుకోవడం వాటి పనే.

అయితే ఇంజను ఊగిందల్లా గవర్నరు తప్పు కాదు. డీజిల్ సరిగా అందకపోయినా అలాగే ఊగుతుంది. అందుకని ముందు బయటి పని చూడాలి. ట్యాంకు మూతకు గాలి రంధ్రం మూసుకుందా, ఫిల్టరు నిండిందా, పైపు జాయింట్ల దగ్గర గాలి లాగుతోందా చూసి, గాలి పూర్తిగా తీయించాలి. తర్వాత లివరు కడ్డీల్లో పిన్నులు అరిగి వదులయ్యాయా, ఎక్కడైనా పట్టేస్తున్నాయా చూడాలి. బండి నెలల తరబడి నిలిచి ఉంటే పాత డీజిల్ జిగురై మీటరింగ్ వాల్వు అంటుకుపోయి ఉండొచ్చు. ఇవన్నీ బాగుండీ ఊగుడు ఆగకపోతేనే పంపును విప్పి, టెస్ట్ బెంచి ఉన్న షాపుకు పంపాలి.

గరిష్ఠ వేగం స్క్రూకు వేసిన సీలును మాత్రం ఎవరినీ తెంపనివ్వకండి. 'కొంచెం రేసు పెంచుదాం' అని దాన్ని తిప్పితే ఇంజను హద్దు దాటుతుంది. కనెక్టింగ్ రాడ్ విరిగిందంటే ఇంజనే పోవచ్చు, పక్కనున్న మనిషికీ ప్రమాదం. స్టాప్ లాగగానే ఇంజను ఆగుతోందో లేదో ముందే చూసుకోవాలి.

ఈ పంపులు ఎరిగిన పాత మెకానిక్కులు ఏటేటా తగ్గిపోతున్నారు. మీ ఊళ్లో అలాంటివారు ఉంటే, బండి బాగు చేసేటప్పుడు ఇంట్లో కుర్రవాణ్ణి పక్కన నిలబెట్టండి. ఆ పని చూసి నేర్చుకోవాల్సిందే.