సింహరాశికి గురుడు, నెత్తి మీదికి స్కైలాబ్

ధర్మపురికి పోయినోళ్లకు యమపురి ఉండదని మన వైపు నానుడి. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యముడికీ గుడి ఉంది. గోదావరిలో మునిగి ఆయనకో దండం పెట్టుకుంటే ఆ భయం తీరిపోతుందని నమ్మకం. అట్లాంటి క్షేత్రం ఉన్న అప్పటి కరీంనగర్ జిల్లా పల్లెలు 1979 ఆషాఢంలో చావుకు రోజులు లెక్కబెట్టుకున్నాయంటే ఇప్పటి పిల్లలకు నమ్మబుద్ధి కాదు. వచ్చేది యముడు కాదు, ఆకాశం నుంచి కూలబోతున్న అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్.

స్కైలాబ్ కథ ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. "ఎట్లాగూ పోతం గదా, ఇగ ఈ కోళ్లను ఎవరి కోసం ఉంచాలె" అని గంపకింది కోళ్లన్నీ కోసుకు తిన్నవాళ్ల ముచ్చట నవ్వుతూ చెబుతారు. మేకలు తెగాయి, కల్లు కుండలు ఖాళీ అయ్యాయి, గొడ్డూ గోదా అగ్గువకు అమ్ముకున్నవాళ్లున్నారు. తెల్లారి లేచి చూస్తే ఆకాశం ఎక్కడిదక్కడే ఉంది, కోళ్లు మాత్రం లేవు. ఆ రోజుల్లో పుట్టినవాళ్లలో స్కైలాబ్ అనే పేరు మోస్తున్నవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. విశ్వక్ ఖండేరావు 2021లో తీసిన 'స్కైలాబ్' సినిమా కూడా కరీంనగర్ జిల్లా బండలింగంపల్లిలోనే నడుస్తుంది.

దీన్ని మూఢనమ్మకాల ఖాతాలో వేసేయడం తేలిక. నాకు మాత్రం ఆ లెక్క కుదరదు.

స్కైలాబ్‌ను 1973 మే 14న పైకి పంపారు. బరువు సుమారు 77 టన్నులు. మూడు జట్ల వ్యోమగాములు అందులో ఉండివచ్చారు, చివరి జట్టు 1974 ఫిబ్రవరిలో దిగిపోయింది. ఆ తర్వాత అది ఖాళీ ఇల్లు. స్పేస్ షటిల్‌ను పంపి దాన్ని ఇంకాస్త పైకి నెట్టాలని నాసా అనుకుంది. షటిల్ ఆలస్యమైంది, తొలిసారి ఎగిరిందే 1981లో. ఈలోగా సూర్యుడి ఉద్ధృతి అంచనాలను మించింది. పైవాతావరణం వేడెక్కి ఉబ్బింది, ఆ గాలి ఒరిపిడికి స్కైలాబ్ వేగం తగ్గి కిందికి జారింది. భూమధ్యరేఖకు అటూ ఇటూ 50 డిగ్రీల దాకా దాని తిరుగుడు. అంటే భారతదేశం మొత్తం దాని దారి కిందే ఉంది. ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఎవరో ఒక మనిషికి దెబ్బ తగిలే అవకాశం 152లో ఒక వంతని నాసాయే లెక్క చెప్పింది. ఏ ఊళ్లో పడుతుందో, ఏ పూట పడుతుందో మాత్రం చివరిదాకా చెప్పలేకపోయింది.

ఇక్కడొక తమాషా ఉంది. అదే ఏడు, అంటే సిద్ధార్థి నామ సంవత్సరంలో, గోదావరికి పుష్కరాలు. గురుడు సింహరాశిలో ప్రవేశించే ఘడియ ఏదో పంచాంగకర్తలు ముందే లెక్కగట్టి అచ్చేశారు. కోట్ల మైళ్ల దూరాన ఉన్న గురుడి రాక తెలిసిన పల్లెకు, నెత్తిమీద కొన్ని వందల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే యంత్రం ఎప్పుడు పడుతుందో తెలియలేదు. తయారుచేసినవాళ్లకే తెలియనిది పల్లెకెట్లా తెలుస్తుంది? ఈ భయం పురాణంలోంచి పుట్టలేదు. పేపర్లో, రేడియోలో వచ్చింది.

జ్యోతిషం పేరుతో పుట్టిన భయాలూ మనకు తెలుసు. 1962 ఫిబ్రవరిలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి అన్నారు. సూర్యచంద్రులతో కలిపి ఏడు, ఎనిమిదోది కేతువు. ప్రళయమే అన్నారు, దేశమంతా హోమాలు చేశారు. ఏమీ కాలేదు. స్కైలాబ్ పడ్డ మరుసటి ఏడాది, 1980 ఫిబ్రవరి 16న, తెలుగు నేల మీద సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. ఉస్మానియా వాళ్ల జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రవేత్తలు దుర్భిణులకు కళ్లు ఆనించి ఉంటే, జనం తలుపులు బిగించుకుని కూర్చున్నారు.

ఇంత భయపడ్డ మన సమాజంలో అంతరిక్ష యాత్రను మతం అడ్డగించిందా అంటే, లేదు. చంద్రుడు నవగ్రహాల్లో ఒకడు, ఆయన మీద చెప్పుకాలు పెట్టడమేంటని 1969లో అరుగుల మీద గొణుక్కున్నవాళ్లు ఉండే ఉంటారు. అది గొణుగుడు దాటలేదు. కోర్టుకు పోయిన గొడవ అమెరికాలోనే జరిగింది, అదీ తిరగబడ్డ గొడవ. 1968 క్రిస్మస్‌కు అపోలో-8 వ్యోమగాములు చంద్రుడి చుట్టూ తిరుగుతూ బైబిల్ చదివితే, ప్రభుత్వ సొమ్ముతో ఈ మతమేంటని మాడలిన్ మరే ఓహేర్ అనే నాస్తికురాలు దావా వేశారు. అది నిలవలేదు. మన దగ్గర మతం రాకెట్‌కు అడ్డం నిలబడకపోగా దాని వెంట నడిచింది. తుంబాలో తొలి రాకెట్ కేంద్రానికి చోటిచ్చింది ఒక చర్చి. శ్రీహరికోట ప్రయోగానికి ముందు నమూనా తిరుమల వెంకన్న పాదాల దగ్గరికి పోతుంది, సూళ్లూరుపేట చెంగాళమ్మకు మొక్కులు అందుతాయి. పీఎస్ఎల్వీ వరసలో సీ-12 తర్వాత సీ-14 వచ్చింది, సీ-13 లేదు. కోళ్లు కోసుకున్న పల్లెను చూసి నవ్వేవాళ్లు ఇక్కడ కూడా కాస్త నవ్వాలి కదా.

నిజంగా మనం చెవి ఒగ్గి వినాల్సిన అభ్యంతరం ఒకటుంది. 2023 డిసెంబరులో అమెరికాలోని నవాహో ఆదివాసుల అధ్యక్షుడు బూ నైగ్రెన్ నాసాకు లేఖ రాశారు. పెరిగ్రిన్ అనే ప్రైవేటు ల్యాండర్‌లో చనిపోయినవారి అస్థికలను చంద్రుడి మీదికి పంపుతున్నారు, చంద్రుడు మాకు పవిత్రం, ఆపండి అన్నారు. అంతకుముందు లూనార్ ప్రాస్పెక్టర్‌లో యూజీన్ షూమేకర్ అనే శాస్త్రవేత్త అస్థికలు పంపినప్పుడు ఇదే అభ్యంతరం వస్తే, నాసా క్షమాపణ చెప్పి, ఇకమీద ముందే మాట్లాడతామంది. ఈసారి ల్యాండర్ ప్రైవేటు కంపెనీది, అందులో ఏం పెట్టాలన్నది తమ చేతిలో లేదంది. మూటగట్టిన అస్థికలతో బస్సు దిగి గోదావరి మెట్ల మీద నిలబడే మనవాళ్లకు ఆ లేఖ విడమరిచి చెప్పనక్కర్లేదు. దేన్ని ఎక్కడ కలపాలో, ఎక్కడ కలపకూడదో ఎంతో పట్టింపు ఉన్న జనం మనం. ఆ లేఖను మూఢత్వం అని కొట్టిపారేయడం నావల్ల కాదు.

స్కైలాబ్ 1979 జులై 11న, మన గడియారాల్లో రాత్రి పది దాటాక, హిందూ మహాసముద్రం మీద చెదిరి, కొన్ని ముక్కలు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఎస్పరెన్స్ దగ్గర పడ్డాయి. చెత్త వేసినందుకు అక్కడి స్థానిక పాలకవర్గం నాసాకు 400 డాలర్ల జరిమానా రాసింది. నాసా కట్టలేదు. ముప్పై ఏళ్లకు, 2009లో, అమెరికాలో ఒక రేడియో వ్యాఖ్యాత శ్రోతల దగ్గర చందాలు వసూలు చేసి ఆ బాకీ తీర్చాడు. కరీంనగర్ కోళ్ల లెక్క ఎవరూ అడగలేదు.