పట్టేసిన ట్రాక్టరు, పోత ఇనుము

పాత ట్రాక్టర్ల చరిత్రలో 1917 నాటి ఫోర్డ్‌సన్‌ను నేను ఒక మలుపుగా భావిస్తాను. అమెరికాలో హెన్రీ ఫోర్డ్ తెచ్చిన ఆ బండికి వేరే చట్రం లేదు. ఇంజను, గేరుబాక్సు, వెనుక ఇరుసుల పోత ఇనుప పెట్టెలనే వరుసగా బిగించి వెన్నెముకగా మలిచారు. ఖర్చు తగ్గింది. 1960లో మద్రాసులో స్థాపితమైన టాఫే తయారుచేసిన మాసీ ఫెర్గూసన్లూ ఆ వంశానివే.

ఆ పొదుపుకు మూల్యం, తుప్పుతో పట్టేసిన భాగాలను విప్పేటప్పుడు తెలుస్తుంది. తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, సందులను పూడ్చి బిగుసుకుంటుంది. పోత ఇనుము బరువు మోస్తుంది గానీ సుత్తి దెబ్బకు ఓర్వదు. బీటలు వారేది వెన్నెముకే. అందుకే ఇక్కడ ఓపికే పనిముట్టు.

డీజిలు ఇంజనులో పిస్టను పట్టేస్తే, ఇంజెక్టరు విప్పి ఆ రంధ్రం గుండా పలుచని నూనె పోసి రోజుల తరబడి నాననివ్వాలి. తరువాత ఫ్లైవీలును ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా కదపాలి. పిస్టను కదిలాక ఇంజెక్టరు బిగించకముందే సిలిండరులో మిగిలిన నూనెను వెళ్ళగొట్టి, ఇంజనాయిలు మార్చాలి. విడిపించే నూనె వేరు, నడిపించే నూనె వేరు.

ఒక్క పిస్టను పట్టేసిందని బండిని తుక్కు కింద తూకానికి వేస్తే, దానితోపాటు ఆ నిర్మాణ చరిత్రా కరిగిపోతుంది.